సంచి సంగతి

జూన్ 3

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. నేను పోయినసారి రాసిన ఉత్తరంలో రెండో పేజీ నీ మేక తినేసిందని రాశావు. అందులో పెద్దగా ఏమీ లేదులే, ఆరోగ్యం జాగ్రత్త అని రాశాను. ఇది మాత్రం దానికి అందని చోట పెట్టుకుని చదువు. నువ్వు వాన కొలిచే ఆ కొండ మీద ఫోను అందే చోటు ఒక్కటి ఉంటే ఇదంతా పది నిమిషాల్లో మాట్లాడుకునేవాళ్ళం.

అమ్మాయికి ఆపరేషన్ తప్పదన్నారు. పదకొండో ఏట పట్టుకున్న కడుపు జబ్బు. తొమ్మిదేళ్ళుగా మందులతో నెట్టుకొచ్చాం, ఇక అవి పనిచెయ్యవట. మొన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతూ దిద్దుతూ కుర్చీలోంచి కిందికి జారిపోయింది. ఒంట్లో రక్తం అంతగా తగ్గిపోయింది. దాని స్నేహితురాళ్ళు ఉన్నారు కదా, పొడుగమ్మాయీ, సైకిల్ షాపు పిల్లా, వాళ్ళిద్దరే మోసుకుపోయి ఆస్పత్రిలో చేర్చారు. కళ్ళు తెరవగానే ఇది అడిగిన మొదటి మాట, "నలభై రెండో పేజీ ఎవరైనా చూశారా" అని.

ఆపరేషన్ అంటే నాకు భయం లేదు. అంటే ఉంది, కానీ దాని తర్వాత సంగతే నన్ను ఎక్కువ తొలిచేస్తోంది. సంచిరా. బతికినంతకాలం సంచి మోయాలట. ఇరవై ఏళ్ళ పిల్ల, ఎక్కడికి వెళ్ళినా, ఏం చేస్తున్నా, వెంట సంచి. వివరాలు కాగితం మీద పెట్టడానికి నాకు చెయ్యి రావడం లేదు. నువ్వు అర్థం చేసుకోగలవు.

ఒప్పుకోలు కాగితం మీద సంతకం అమ్మాయే పెట్టాలి, పెద్దదైంది కదా. కానీ "అమ్మ సరే అంటేనే" అని ఆ కాగితం అద్దం వెనకాల దోపింది. మీ బావని అడిగితే "డాక్టరమ్మ చెప్పింది కదా" అని ఏదో లిఫ్టు ఆగిపోయిందంటూ పనికి వెళ్ళిపోయారు. ఊళ్ళో లిఫ్టులన్నీ నేను ఏదైనా అడిగినప్పుడే ఆగిపోతాయి.

గురువారం ప్రార్థనకి మామూలుగా మా ముందుగదిలో కూర్చున్నాం, నేనూ, రిటైరైన లెక్కల టీచరు గారూ, బేకరీ ఆవిడా. బేకరీ ఆవిడ, ఆపరేషన్ అవసరమే రాకుండా చూడమని దేవుణ్ణి అడిగింది. టీచరు గారు, ఆపరేషన్ చేసే డాక్టరమ్మ కుడిచెయ్యి వణక్కుండా చూడమని అడిగారు. రెండూ ఒకేసారి పైకి వెళితే ఆయన ఏది వినాలి? నేను మాత్రం నోరు విప్పలేకపోయాను. టీచరు గారు నా మోకాలి మీద తట్టి, "ఈ వారం నీ వంతు కూడా నేనే చేస్తాను, నువ్వు ఊరికే కూర్చో" అన్నారు.

నువ్వే చెప్పు. సంచికి సరే అనమంటావా?

ఎటూ తేల్చుకోలేని
అక్క


జూన్ 11

అక్కా,

జీపు మంగళవారాలే వస్తుంది కదా, నీ ఉత్తరం నిన్న చేతికొచ్చింది. మేకని బయట కట్టేసి చదివాను. పిల్లకి ఆపరేషన్ అన్న మాట చదివి, వాన కొలిచే గొట్టం పక్కన స్టూలు మీద చాలాసేపు కూర్చుండిపోయాను. జబ్బుతో దానికి ఎంత కష్టమో నేను కళ్ళారా చూసినవాణ్ణే. డాక్టరమ్మ చెయ్యాలంటే చేయించెయ్యి.

సంచి గురించి మాత్రం ఇంత బెంగ ఎందుకో నాకు అర్థం కాలేదు. నాకూ ఉంది కదా. ఇప్పటికి పదిహేనేళ్ళు. పైన కోటు వేసుకుంటాను కాబట్టి నీ కంట పడి ఉండదు. నిజమే, మొదటి నెల నరకం. నడుము దగ్గర ఒరుసుకుని చర్మం కందిపోయింది. తర్వాత కింద మెత్తటి గుడ్డ పెట్టుకోవడం నేర్చుకున్నాను. ఇప్పుడు అది ఉన్నట్టే తెలియదు. దానితోనే కొండెక్కుతాను, దిగుతాను, పరిగెడతాను. నిండిపోయేదాకా ఆగకూడదు, అంతే. రోజూ ఖాళీ చేసుకోవాలి, లేకపోతే వాసన. ఉల్లిపాయల రోజైతే చెప్పక్కర్లేదు.

ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి ముందే తెరుచుకుని, ఉన్నదంతా ఆయన బూట్ల మీద పడింది. ఆయన వంగి, ఎత్తడానికి సాయం కూడా చేశాడు. లోకం మనం అనుకున్నంత చెడ్డది కాదక్కా.

కాబట్టి సరే అను. మంచి సంచి ఉంటే మనిషి ఎక్కడికైనా వెళ్ళొచ్చు.

ఇక్కడ ఈ వారమంతా గాలే. పైకి వదిలిన బెలూను ఒకటి తిరిగొచ్చి మా వంటగది కిటికీకి తగులుకుంది. పై ఆఫీసుకి ఏమని రాయాలో తోచక "ఎత్తు: ఆరడుగులు" అని రాశాను.

నీ వెంటే ఉన్న
తమ్ముడు


జూన్ 18

ఒరేయ్,

పదిహేనేళ్ళు. సొంత అక్కకి ఒక్క మాట చెప్పలేదు.

మా కళ్ళజోళ్ళ షాపులో కౌంటరు దగ్గర నిలబడి నీ ఉత్తరం విప్పాను. చదివి కుర్చీలో కూలబడ్డాను. చూపు పరీక్షకి వచ్చిన పెద్దాయన లేచి నాకే మంచినీళ్ళు తెచ్చాడు. నువ్వు ఎప్పుడూ కోటు విప్పవేమిటా అని నేను అనుకున్నది నిజం. చలి మనిషివనుకున్నాను. నా మతి మండ.

ఇంటికి వచ్చి అమ్మాయికి చదివి వినిపించాను. అది కళ్ళు పెద్దవి చేసుకుని, "మామయ్యకా?" అంది. మళ్ళీ చదవమంది. అధికారి బూట్ల దగ్గర నేను ఆగిపోతే, మిగతాది అదే లాక్కుని చదువుకుంది. ఆయన మనిషి కాదురా, దేవుడు. గురువారం ప్రార్థనలో నీ పేరు చేర్చాం, ఆయన పేరు కూడా చేర్చాం. పేరు తెలియదు కాబట్టి "ఆ బూట్లాయన" అన్నాం. టీచరు గారు నీ పొట్ట కోసం విడిగా ప్రార్థించారు. బేకరీ ఆవిడ నువ్వు ఉల్లిపాయలు మానెయ్యాలని గట్టిగా చెప్పమంది.

ఇంతకీ, సరే అనేశాను. నువ్వు పదిహేనేళ్ళు మోస్తే నా కూతురు మోయలేదా. కాగితం అద్దం వెనకనుంచి తీసి సంతకం పెట్టింది. జూలై తొమ్మిదికి ఖాయం చేశారు.

అమ్మాయి నిన్ను కొన్ని అడగమంది. ఈత కొట్టేటప్పుడు ఏం చేస్తావు? పడుకునేటప్పుడు ఎటు తిరుగుతావు? నీది ఏ రంగు? సిగ్గుపడకుండా రాయి, దానికి అవసరం.

నిన్ను తలుచుకుని కుమిలిపోతున్న
అక్క


జూన్ 26

అక్కా,

నువ్వు సరే అన్నావు, అది చాలు. సంచి కోసం కళ్ళనీళ్ళు పెట్టుకోవడం కొంచెం ఎక్కువే అనిపించింది కానీ, తల్లివి, నీకు చెప్పేంతవాణ్ణి కాను. నా పొట్టకి ప్రార్థన ఎందుకు చేశారో తెలియలేదు. మంచిదే, ఇక్కడి వంట నేనే చేసుకుంటాను కదా. ఆ అధికారి మరీ దేవుడేమీ కాదు. తర్వాత నా సెలవు కోసేశాడు.

కోడలు పిల్ల అడిగినవి: రంగు ఖాకీ. ఈత కొట్టేటప్పుడు తీసి గట్టు మీద రాయి కింద పెడతాను, లేకపోతే మేక లాక్కుపోతుంది. ఒకసారి లాక్కుపోయింది కూడా, అరమైలు వెంటపడ్డాను. పడుకునేటప్పుడు తల కింద పెట్టుకుంటాను, దిండు కంటే బాగుంటుంది.

దానికి నా చేత్తో ఒకటి కుడుతున్నాను. పాత డేరా గుడ్డ, ఏనుగు లాగినా చిరగదు. పద్నాలుగు జేబులు. వచ్చే జీపులో పంపుతాను, ఆపరేషన్ లోపు అందుతుంది. డాక్టరమ్మకి చూపించమను, ఆవిడకీ కావాలంటే కుడతాను.

సూదీదారం పట్టుకున్న
తమ్ముడు


జూలై 4

తమ్ముడూ,

ఆపరేషన్ ముందు పరీక్షలకి అమ్మాయిని తీసుకుని, నీ ఉత్తరం పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. అక్కడ సంచులు చూసే నర్సమ్మ విడిగా ఉంది, చాలా నెమ్మదైన మనిషి. "మా తమ్ముడు ఈతకి వెళ్ళేటప్పుడు తీసి గట్టు మీద పెడతాడు" అని చెప్పాను. ఆవిడ కాసేపు నన్నే చూసింది. మేక సంగతి చెప్పాను. కూర్చుంది. తల కింద పెట్టుకుంటాడని చెప్పాక, "కొండ మీద వాళ్ళకి వేరే రకం ఇస్తారేమోనమ్మా" అని, నీ డాక్టరు ఎవరో కనుక్కోమంది.

అమ్మాయి నా వెనకాలే మంచం మీద ఉంది. నేను చెప్పేది వింటూ దిండు మొహాన పెట్టుకుని వెక్కివెక్కి ఊగిపోయింది. దానికి మామయ్య అంటే ఎంత ప్రేమో అప్పుడు చూశాను.

ఇక నీ దగ్గర దాపరికం ఏమిటి, నువ్వూ అదే బాధ పడ్డవాడివి. మొదటిసారి రాయలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. దీని పెద్దపేగు మొత్తం పుండ్లే. అదంతా తీసేస్తారు. బొడ్డు పక్కన, కుడివైపు, చిన్న రంధ్రం చేసి చిన్నపేగు చివర బయటికి తెచ్చి కుడతారు. దాని మీద సంచి అతికిస్తారు. ఇక మీదట లోపలనుంచి వచ్చేదంతా ఆ సంచిలోకే. నర్సమ్మ పెన్నుతో పొట్ట మీద చుక్క కూడా పెట్టింది. నీకు ఎడమా, కుడా? మేక లాక్కుపోయినప్పుడు నొప్పి పుట్టలేదా?

స్నేహితురాళ్ళిద్దరూ వారం రోజులుగా సంచుల్లో నీళ్ళు నింపి పొట్టకి కట్టుకుని తిరుగుతున్నారు, ఎలా ఉంటుందో తెలుసుకోవాలని. పొడుగమ్మాయిది బస్సులో పగిలింది. పక్కసీటు ఆయన లేచి వెళ్ళిపోయాడట. సైకిల్ షాపు పిల్ల తన సంచికి ట్యూబు అతుకు వేసుకుంది, అందుకని అది ఇంకా ఉంది.

ఐదు రోజులే. నీ మాట పట్టుకునే నిలబడి ఉన్నాను.

అక్క


జూలై 10

అక్కా,

నా పేగులన్నీ నా లోపలే ఉన్నాయి.

నీ ఉత్తరం చదివాక బయటికి వెళ్ళి నిలబడ్డాను. నాది భుజానికి తగిలించుకునే సంచి. గుడ్డ సంచి. అందులో నోటుబుక్కు, టార్చిలైటు, రొట్టె, ఉల్లిపాయలు ఉంటాయి. అధికారి బూట్ల మీద పడింది అవే. పిల్ల మందులు పెట్టుకోవడానికి సంచి మోయాలన్నారని అనుకున్నాను. నీ మొదటి ఉత్తరంలోనే ఏ సంచి అని అడగాల్సింది. అర్థం చేసుకోగలవు అని రాశావు, అర్థం కాలేదని చెప్పడానికి నామోషీ పడ్డాను.

నా మాట నమ్మి నువ్వు సరే అన్నావు, నీ మాట మీద పిల్ల సంతకం పెట్టింది. ఆపరేషన్ నిన్ననే అయిపోయి ఉంటుంది. నాకు వచ్చి చెప్పే దారి లేదు. నిన్న మూడు పూటలూ వాన కొలవడం మర్చిపోయాను. ఎండ అని రాశాను. కిందంతా వరదలట.

తిట్టు. ఎంత తిట్టాలనిపిస్తే అంత తిట్టు. పిల్ల ఎలా ఉందో ముందు రాసి తిట్టు.

తమ్ముడు


జూలై 12

తమ్ముడూ,

ఆపరేషన్ అయింది. ఐదు గంటలు పట్టింది. నిన్నటినుంచి జ్వరం. లోపల చీము పట్టిందేమోనని చూస్తున్నారు. మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

నీ సంచి ముందు రోజు అందింది. అమ్మాయి దాన్ని తిప్పితిప్పి చూసి, జేబులన్నీ లెక్కపెట్టి, మళ్ళీ దిండు అందుకుంది. ఆస్పత్రికి తన సామానంతా అందులోనే తెచ్చుకుంది. నువ్వు కుట్టినదాన్ని పొట్టకి ఎలా తగిలించాలో నాకైతే తెలియలేదు.

ఆ ఐదు గంటలూ మీ బావ ఆస్పత్రి లిఫ్టులో పైకీ కిందికీ తిరిగారు. "శబ్దం వస్తోంది" అంటారు. మూడో అంతస్తు దగ్గర తలుపు తీసి నూనె కూడా వేశారట. ఎవరో రిపేరుకి పిలిచారనుకుని ఆస్పత్రివాళ్ళు ఆయనచేత సంతకం చేయించుకున్నారు. బయటికి వచ్చినప్పుడు ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నూనె పడిందన్నారు.

బేకరీ ఆవిడ రొట్టెల బుట్టతో వచ్చింది. "నేను అడగాల్సింది అడగలేదేమో, నీకు ఇన్నాళ్ళూ ఆపరేషన్ అక్కర్లేదనే ఆశ పెట్టాను" అని టీచరు గారి పక్కన చతికిలబడింది. ఇద్దరూ కలిసి డాక్టరమ్మ కుడిచేతికి ప్రార్థన మొదలుపెట్టారు. అంతలో డాక్టరమ్మ లోపలికి వెళ్ళబోతూ కాగితం మీద సంతకం పెట్టింది. ఎడంచేత్తో. టీచరు గారు అది చూశారు. నెల రోజులుగా అడిగింది కుడిచేతికి కదా. గబగబా ఎడంచేతికి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు, లెక్క తప్పితే కొట్టేసి మళ్ళీ చేసినట్టు. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే నా నోటినుంచి కూడా మాట వచ్చింది. "దాన్ని నాకు ఇచ్చెయ్యి" అన్నాను. అంతకంటే పెద్ద ప్రార్థన నాకు చేతకాలేదు.

ఇప్పుడు జ్వరంలో మూలుగుతోంది. నీ మొదటి ఉత్తరం పర్సులో ఉంది. పదిహేనేళ్ళు కొండలెక్కినవాడు ఉన్నాడని దానికీ నాకూ చెప్పుకుంటూ కూర్చున్నాను.

అక్క


జూలై 17

అక్కా,

నీ ఉత్తరం చదివాను. నా క్షమాపణ ఉత్తరం జీపుకి ఇచ్చిన మరుక్షణమే తప్పు చేశాననిపించింది, పిల్ల కోలుకున్నాక చెప్పొచ్చు కదా అని. జీపు వెనక పరిగెత్తాను. మేక నా వెనక పరిగెత్తింది. ఇద్దరం మలుపు దగ్గర ఆగిపోయాం.

ఇక్కడున్న వైర్‌లెస్ వాతావరణానికి తప్ప వాడకూడదు. పొద్దున వాన, గాలి, తేమ చెప్పి, ఆగకుండా "ఆస్పత్రిలో మా మేనకోడలికి జ్వరం ఎంతుందో కనుక్కోండి" అన్నాను. అటువైపు ఆయన సాయంత్రం గాలి వేగం చెప్పించుకుని, చివర్న, "మీరడిగిన ఉష్ణోగ్రత తొంభై తొమ్మిది, తగ్గుముఖం" అన్నాడు. ఆయనెవరో కనుక్కోలేదు. మీ గురువారం జాబితాలో చేర్చండి.

తమ్ముడు


జూలై 19

తమ్ముడూ,

తొంభై తొమ్మిది కూడా లేదు ఇప్పుడు. మామూలైపోయింది. చీము కాదట, ఊపిరితిత్తుల్లో కాస్త కఫం. పొడుగమ్మాయి పక్కన నిలబడి గట్టిగా దగ్గేది, ఇదీ దానితో పోటీపడి దగ్గేది. తగ్గిపోయింది.

నీ "పేగులన్నీ లోపలే" ఉత్తరం నిన్న వచ్చింది. టీచరు గారూ, బేకరీ ఆవిడా ఉండగా, నీ క్షేమం వాళ్ళకీ తెలుస్తుందని పైకే చదివాను. లేని రోగానికి నెల రోజులు ముగ్గురం మొర పెట్టుకున్నాం. బేకరీ ఆవిడ అడిగింది, అయితే ఆ ప్రార్థనలన్నీ ఏమైనట్టు అని. టీచరు గారు, "ఎక్కడో నిజంగా అవసరమైనవాడికి జమ అవుతాయి" అన్నారు.

నాకు కోపం వచ్చింది. బాగా వచ్చింది. నిన్ను తిట్టడానికి కాగితం కూడా తీశాను. అప్పుడు అమ్మాయి మంచం మీదనుంచి, "అమ్మా, గట్టు మీద రాయి కింద పెట్టే పేగు ఎక్కడైనా ఉంటుందా" అంది.

దానికి తెలుసురా. మొదటి ఉత్తరాన్ని రెండు రోజులు నిజంగానే నమ్మిందట. ఆ రెండు రోజులూ చాలా హాయిగా ఉందట. మూడో రోజు ఉల్లిపాయల దగ్గర అనుమానం వచ్చిందట. మేక దగ్గర తేలిపోయిందట. దిండు పెట్టుకుని ఊగిపోయింది ఏడుపుతో కాదు.

"మరి నాకెందుకు చెప్పలేదే" అన్నాను.

"ఆ ఉత్తరం వచ్చిన రోజునుంచే కదా నువ్వు నన్ను చూసి ఏడవడం మానేశావు" అంది. "నాకు ఆపరేషన్ కావాలమ్మా. ఎప్పటినుంచో కావాలి. నువ్వు నా మొహం చూసి ఏడుస్తుంటే అడగలేకపోయాను. ప్రూఫుల్లో కొన్ని తప్పులుంటాయి, అర్థం చెడగొట్టనివి. వాటిని దిద్దుతూ కూర్చుంటే పుస్తకం ఎప్పటికీ బయటికి రాదు."

నేను కాగితం మడిచి లోపల పెట్టేశాను. కాబట్టి నిన్ను తిట్టడం లేదు. అమ్మాయి నీ ఉత్తరం మీద ఎర్రపెన్నుతో రెండు అక్షరదోషాలు దిద్ది ఇచ్చింది, దీనితో పాటు పంపుతున్నాను. నీ సంచిని మీ బావ స్పానర్లకి తీసుకున్నారు. పద్నాలుగు జేబుల్లో పన్నెండు నిండాయి, మిగతా రెండూ ఏం చెయ్యాలా అని ఆయన ఆలోచిస్తున్నారు.

అక్క


జూలై 28

అక్కా,

ఉత్తరం చదివి మేకకి కూడా చదివి వినిపించాను. తినలేదు, విన్నది. వచ్చే నెల పది రోజులు సెలవు అడిగాను, కారణం దగ్గర "మేనకోడలు" అని ఒక్క మాట రాశాను. ఇచ్చారు. వచ్చేటప్పుడు ఏం తేవాలో అమ్మాయినే అడిగి రాయి. ఏమీ కుట్టను.

తమ్ముడు


ఆగస్టు 5

తమ్ముడూ,

ఏమీ తేవద్దట, నువ్వు వస్తే చాలట. కోటు లేకుండా రమ్మంది.

మొదటి రెండు వారాలూ తేలిగ్గా ఏమీ గడవలేదు. ఒకసారి సంచి ఊడింది, ఒకసారి చర్మం మండి ఏడ్చింది. నర్సమ్మ వచ్చి మళ్ళీ నేర్పింది. నేను పక్కన నిలబడి చూశాను, కళ్ళు తిప్పుకోకుండా. ఇప్పుడు దానంతట అదే చేసుకుంటోంది. తలుపు వేసుకుని ఏదో పాట కూడా.

నిన్న మధ్యాహ్నం అందరం మా ఇంట్లో భోజనానికి కూర్చున్నాం, స్నేహితురాళ్ళిద్దరూ, టీచరు గారూ, బేకరీ ఆవిడా. బల్ల చాలక కుట్టుమిషను కూడా జరిపి కలిపాం. అమ్మాయి తిన్నది. మళ్ళీ వడ్డించుకుని తిన్నది. పొడుగమ్మాయితో ఏదో పుస్తకం గురించి వాదనకి దిగింది. మేము తినడం ముగించి లేచాం, చేతులు కడుక్కున్నాం, గిన్నెలు తీశాం. నేను వంటగదిలోంచి తొంగి చూసి అలాగే నిలబడిపోయాను. తొమ్మిదేళ్ళురా తమ్ముడూ, అది ఏ ఒక్క భోజనమూ మధ్యలో బాత్‌రూముకి లేవకుండా చివరిదాకా కూర్చుని తినలేదు. మేమూ అటు చూడనట్టు నటించేవాళ్ళం.

మీ బావ బల్ల తుడుద్దామని గుడ్డతో వచ్చి, అమ్మాయిని లేపడం ఇష్టం లేక, దాని కంచం చుట్టూ తుడిచి వెళ్ళిపోయారు. అది చూడనేలేదు. ఇంకా వాదిస్తూనే ఉంది.

అక్క